స్పీడు బ్రేకర్ల మీద నేర్చిన పేరు

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో ఏ దుకాణం తెరిచినా ముందు వినిపించేది సైదయ్య గొంతే. ఇరవై ఆరేళ్లుగా ఆటోకి మైకు కట్టుకుని తిరుగుతున్న ఆ గొంతు ఏ పేరు దగ్గరా తడబడి ఎరగదు. ఆ గర్వాన్ని లహరి ఒక్క కాగితం ముక్కతో దించేసింది.

లహరి హైదరాబాద్‌లో బేకరీ పని నేర్చుకొచ్చిన పిల్ల. మూడూళ్లలోనూ వెన్న పొరల బన్నుల దుకాణాలు తెరుస్తోంది. పేరేమో ఫ్రెంచిది, ఇంగ్లీషు అక్షరాల్లో పన్నెండు. సైదయ్య కూడబలుక్కుని చదివాడు.

"వియన్నోయిసెరీ."

"కాదు మామా, మూడే ముక్కలు. వ్యెన్. న్వాజ్. రీ. మిగిలిన అక్షరాలు మింగెయ్యాలె."

"బోర్డు మీద గంత పెద్దగ రాయించి మింగుడెందుకు బిడ్డా?"

"శుక్రవారం మిర్యాలగూడ దుకాణం తెరిచేటప్పుడు స్టేజీ మీద నువ్వే చెప్పాలె. నోరు తిరగకపోతే ఇప్పుడే చెప్పు, నా గొంతు రికార్డు చేసి మూడూళ్లల్ల అదే తిప్పుత."

రికార్డు ఒకసారి ఆటో ఎక్కిందంటే తనిక దిగాల్సిందేనని సైదయ్యకు తెలుసు.

సాధన ఆటోలోనే సాగింది. వేములపల్లి దారిలో వరసగా మూడు స్పీడు బ్రేకర్లు. డ్రైవర్ మంగ్త్యా ఒక్కోదాన్ని ఎక్కించి దించినప్పుడల్లా సైదయ్య నోట్లోంచి ఒక్కో ముక్క ఊడిపడేది. అలా ఇరవైసార్లు తిరిగారు.

"అన్నా, నీకు మాటొచ్చింది. నా ఆటోకు నడుము పోయింది," అన్నాడు మంగ్త్యా.

శుక్రవారం స్టేజీ మీద మెత్తటి తివాచీ పరిచారు. సైదయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మిర్యాలగూడ ప్రజలారా, మీ అభిమాన..." అని అందుకుని పేరు దగ్గర ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. చదునైన నేల మీద మాట రానంటోంది. లహరి చెయ్యి మెల్లగా ఫోను వైపు పోతోంది.

కింద నుంచి మంగ్త్యా నోటికి చేతులు అడ్డంపెట్టి అరిచాడు. "అన్నా, గీడ బ్రేకర్ లేదు. ఎగురు."

యాభై రెండేళ్ల మనిషి పంచె ఎగ్గట్టి ఎగిరాడు. "వ్యెన్." మళ్లీ ఎగిరాడు. "న్వాజ్." మూడో గంతుకి కాలి చెప్పు ఊడి ముందు వరసలో పడింది. "రీ."

జనం పడీపడీ నవ్వారు. నవ్వాపుకోలేక లహరి కూడా మూడు గంతులేసింది. కాసేపటికి కౌంటర్ ముందు పిల్లా పెద్దా గెంతుతూ బన్నులు అడుగుతున్నారు.

"రికార్డు వద్దులే మామా," అంది లహరి కళ్లు తుడుచుకుంటూ. "అది ఎగరదు గద."

కోదాడలో సైదయ్య స్టేజీ ఎక్కకముందే ముందు వరసలోని ఆవిడ అడిగింది, "ఏవండీ, ఆ గెంతే ఆయన వచ్చారా?"

సైదయ్య మోకాలు రుద్దుకున్నాడు. సూర్యాపేట ఇంకా మిగిలే ఉంది. ఈసారి చెప్పులు ముందే విప్పి మంగ్త్యా చేతికిచ్చాడు.