గోళ్ల సందుల్లో ఘాటు

2003 ఫిబ్రవరిలో గుంటూరులోని ఒక మిరపకాయల ఎగుమతి సంస్థ నన్ను క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా మిర్చి యార్డు పనికి వేసింది. ఇల్లు నల్లపాడులో. రెండు షేర్ ఆటోలు మారితే యార్డు. సీజను మొదలైందంటే పగలంతా కాయతోనే కాపురం.

మిరపకాయల బస్తాను మేం టిక్కీ అంటాం. ప్రతి లాటులోనూ కొన్ని టిక్కీలు విప్పించి పైన, మధ్య, అడుగున గుప్పెడేసి తీయాలి. రంగు, తేమ, తెల్లబారిన తాలుకాయ చూసి పాసో రిజెక్టో రాయాలి. ఆ రిపోర్టు సాయంత్రం ఆరులోగా గోడౌనుకు చేరకపోతే లారీ కదలదు. గ్లవ్స్ వేసుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. కాయ విరిచినప్పుడు తేమ తెలిసేది ఉత్త వేళ్లకే. గ్లవ్స్‌తో చూసినవాడు తడికాయను పాస్ చేసి, తర్వాత తిట్లు తింటాడు.

ఘాటు వట్టి నీళ్లకు పోదు. ఇంటికి రాగానే ముందు కొబ్బరినూనె, ఆపైన శెనగపిండి, చివర సబ్బు. మొత్తం ఇరవై నిమిషాలు. మూడేళ్ల మా అమ్మాయి చిన్ని అంతసేపూ బాత్‌రూము తలుపు దగ్గర "అయిందా? అయిందా?" అంటూ కూర్చునేది.

ఒకరోజు ఏడు దాటాక ఇల్లు చేరాను. పిల్లకు ముక్కు కారుతోంది. చేతులు కడగలేదన్న సంగతి మరిచి వేలితో తుడిచేశాను. అయ్యో, ఆ ఏడుపు! పాలలో తడిపిన గుడ్డతో అద్దితే గంటకు గానీ ఊరుకోలేదు. మర్నాటి నుంచి నేను గుమ్మంలోకి రాగానే వాళ్ల నాన్న వెనక్కి వెళ్లి నక్కేది. నా చేతి ముద్ద తినదు, నా పక్కన పడుకోదు. వారం రోజులు ఓర్చుకున్నాను. కన్నబిడ్డే దగ్గరకు రాకపోతే ఈ ఉద్యోగం ఎవరికోసం అనిపించింది. రాజీనామా రాసి మేనేజరు మస్తాన్ గారికిచ్చాను.

ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "ఏమ్మా, కాయ చూడ్డానికి నువ్వు యార్డులో ఉండాల, ఒప్పుకుంటా. రిపోర్టు రాయడానికెందుకు? పొద్దున ఆరుకే వచ్చి పన్నెండుకల్లా కాయ చూసెయ్. కాగితం ఇంటికాడ రాసుకో. సాయంత్రం ఆరు దాటిందో, ఇది బయటికి తీస్తా" అన్నారు.

అలా మా సంస్థలో ఇంటి నుంచి పని చేసిన మొదటి మనిషిని నేనే. సరంజామా అంటే ఒక కాలిక్యులేటరు, నాలుగు కార్బన్ పేపర్లు, వీధి చివర ఎస్టీడీ బూత్‌లో ఫ్యాక్సు మెషీను. చిన్ని మధ్యాహ్నం నిద్రపోయే వేళ రిపోర్టు రాసేదాన్ని.

చేతులు మూడుసార్లు కడిగినా చిన్ని నమ్మలేదు. మా ఆయనకు వేళాకోళం ఎక్కువ. "మీ అమ్మ లాటు నువ్వే చూడవే, ఇన్‌స్పెక్టరమ్మా" అన్నారు. అది దానికి తెగ నచ్చింది. సాయంత్రం నన్ను చాప మీద కూర్చోబెట్టి అరచెయ్యి, మణికట్టు, గోళ్లు, మూడుచోట్లా వాసన చూసి "రిజెక్ట్!" అనేది. మొదటిరోజు నవ్వాను. నాలుగోరోజు నవ్వు రాలేదు. ఎనిమిదోరోజు గమనించాను, అది మొహం చిట్లించేది గోళ్ల దగ్గరే. నిజమే, గోళ్ల సందుల్లో ఘాటు మిగిలే ఉంది. రోజూ కాయల మధ్య ఉండే నా ముక్కుకు అది తెలియలేదు.

గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. తొమ్మిదోరోజు ఫ్యాక్సు పంపి వచ్చి చాప మీద కూర్చున్నాను. మూడుచోట్లా చూసింది. గోళ్లు రెండోసారి చూసింది.

"పాస్" అంది. పళ్లెం తెచ్చుకుని, నా ఒళ్లో కూర్చుని నోరు తెరిచింది. పప్పన్నం ముద్ద పెడుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మస్తాన్ గారు ఆ కాగితం మళ్లీ బయటికి తీయలేదు. తర్వాత ఆయన కుర్చీలోకి నేనొచ్చాను. రిటైరయ్యేదాకా చిన్నపిల్లలున్న ఇన్‌స్పెక్టర్లందరికీ అదే టైంటేబుల్ వేశాను: పొద్దున యార్డులో కాయ, మధ్యాహ్నం ఇంట్లో కాగితం. కొత్తగా చేరినవాళ్లకు టిక్కీ ఎలా చూడాలో చెప్పేముందు గోళ్లు కత్తిరించుకోమనేదాన్ని. నేను ఎనిమిది రోజులు ఫెయిలైంది అక్కడే.