రమేష్ నా కోసం వాయించిన ముక్క

ఈ రోజు మధ్యాహ్నం సుబేదారిలో రమేష్ ఇంటికి వెళ్లాను. పాత రేడియోల సామానుతో సొంతంగా సింథసైజర్ పెట్టెలు చేసి, వింత శబ్దాలతో సంగీతం కట్టే నా స్నేహితుడు. ఆరు నెలలుగా వాడికి చెవులు వినపడటం లేదు. అయినా కొత్త పెట్టె ఒకటి చేశాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకుని పావుగంట వాయించాడు.

స్పీకర్ తీగ ఊడిపోయి ఉంది. గదిలో ఫ్యాన్ చప్పుడే వినిపించింది. వాడి ముఖం చూసి ఆపలేకపోయాను.

“నడుమ మెల్లగ అయింది సూడు, అది నీ కోసమే వాయించిన. ఎట్లున్నదిరా?” అన్నాడు.

“మస్తుంది” అని కాగితం మీద రాశాను. వాడు చాయ్ తేవడానికి వెళ్లినప్పుడు తీగ బిగించి, వచ్చాక మళ్లీ వాయించమని రాశాను.

“అప్పటికప్పుడు వచ్చిందిరా. మళ్ల గట్ల రాదు.”

నిజం చెప్పాల్సిందా? మీరైతే ఏం చేసేవారు?