స్నేహితురాళ్ల భోజనానికి హోటల్ వెతుకుతూ బందరు దాకా

మా ఆవిడ వసంతకు కాలేజీ నాటి స్నేహితురాళ్లు ముగ్గురు. ఏడాదికోసారి నలుగురూ ఏదో ఒక ఊళ్లో కలిసి భోంచేసేవారు. హోటల్ ఎంపిక వసంతదే. తను పోయి పద్నాలుగు నెలలైంది. కిందటేడు వాళ్లు కలవలేదు. మొన్న వాళ్లలో ఒకరైన రమణిగారు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, ఈసారి బందరు వైపు అనుకుంటున్నాం. హోటల్ మీరే చూడాలి, మీరూ రావాలి. కుదరదంటే చెప్పండి, ఇక మానేద్దాం." చూస్తానన్నాను. వస్తానని మాత్రం అనలేదు.

వసంతకో పద్ధతి ఉండేది. రేటింగ్ నాలుగు దాటిన హోటళ్లు తీసి, వాటికి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు రాసినవే చదివేది. "మెచ్చుకునేవాళ్లంతా ఒకేలా రాస్తారు. తిట్టేవాళ్లే వివరంగా రాస్తారు" అనేది. నేనూ అలాగే మూడు చోట్లు ఎంచుకున్నాను.

శనివారం ఉదయం ఆరున్నరకు విజయవాడలో బయల్దేరాం. కారు అద్దె, డీజిల్ కలిపి మూడున్నర వేలు. డ్రైవర్ యేసుబాబుది బంటుమిల్లి. తిండి దగ్గర మొహమాటం లేని మనిషి. ఎనిమిదికల్లా గుడివాడ. నేతి ఇడ్లీ, అల్లం చట్నీ, ఇద్దరికీ నూట అరవై. "కూర్చోవడానికి చోటే లేదు" అని ఎవరో తిట్టారు. నిజమే, నిలబడే తిన్నాం. యేసుబాబు రెండోసారి తెచ్చుకున్నాడు. ఇడ్లీ అద్భుతం. అరవై దాటిన మోకాళ్లకు మాత్రం పనికిరాదు.

పెడన మీదుగా బందరుకి గంట. గిలకలదిండి హార్బర్‌లో వలలు బాగుచేస్తుంటే చూస్తూ కూర్చుని, పన్నెండున్నరకు ఆ దారిలోనే ఉన్న నాంచారమ్మగారి మెస్సుకి వెళ్లాం. నాలుగే బల్లలు. ఇక్కడి ఫిర్యాదు, "ఏ చేప అడిగినా లేదంటారు." నేనూ అదే తప్పు చేశాను. పండుగప్ప ఉందా అన్నాను.

"అది పడవోళ్లని అడగాలి. ఇయ్యాళ గులివింద చేపలే" అందావిడ.

"మరి రేపు?"

"రేపటి చేప ఇంకా నీళ్లలో ఉంది బాబుగారూ. పొద్దున వేలంలో ఏది బాగుంటే అది కొంటాను. నిన్నటి చేప వండను."

"అందుకే ఒక్క స్టార్ ఇస్తున్నారు నీకు" అన్నాడు యేసుబాబు.

"ఇచ్చినాయనే మర్నాడు మళ్లీ వచ్చాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు."

పులుసు భోజనం నూట ఎనభై. చింతపండు పులుపు, వెనకనుంచి మెంతుల వాసన. నేనూ మళ్లీ అన్నం పెట్టించుకున్నాను.

చల్లపల్లి మీదుగా గంటంపావులో అవనిగడ్డ చేరాం. అక్కడ కృష్ణ ఒడ్డున, మూడింటిలోకీ ఎక్కువ రేటింగ్ ఉన్న హోటల్. రొయ్యల వేపుడు మూడొందల ఇరవై, బాగుంది. "పాటల హోరులో మాట వినపడదు" అన్నదీ నిజమే. రమణిగారి బృందం తినేది గంట, మాట్లాడుకునేది నాలుగు గంటలు. బయటికొచ్చి నాంచారమ్మగారికి ఫోన్ చేశాను.

"వచ్చే శనివారం భోజనానికి వస్తామండీ."

"ఎంతమంది? లెక్క చూసుకుని కొంటాను."

"ముగ్గురు" అన్నాను.

కారు తలుపు తీస్తున్న యేసుబాబు ఆగాడు. "వాళ్లు తింటుంటే మీరు కార్లో కూర్చుంటారా సార్? మీకు తోడుగా నేను కూర్చోను. ఆ పులుసు నేనూ తినాలి."

నవ్వొచ్చింది. "ఐదుగురమండీ" అన్నాను.

కరకట్ట మీద తిరిగొస్తూ రమణిగారికి ఫోన్ చేసి మెస్సు సంగతి, నేనూ యేసుబాబూ కూడా వస్తున్న సంగతి చెప్పాను. "సరే, ఐదుగురం" అన్నారావిడ. ఇన్నాళ్లూ ఒక్కడికి హోటలెందుకని బయట తినడం మానేశాను. వాళ్ల కోసం రుచి చూస్తూ తిరిగితే నాకూ ఆకలేసింది.

ఇలాంటి మెస్సుకి వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రమే ఎంతమందో చెప్పండి. చేప పేరు మాత్రం చెప్పకండి.