కాన్పు అయ్యాక ఒక రోజు

ఊళ్ళో ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజులు. పాలకొల్లు ఆసుపత్రిలో పొద్దున నాకు కాన్పు అయితే, మధ్యాహ్నానికే మా అమ్మమ్మ మూటాముల్లె సర్దేసింది. తెల్లారితే మంగళవారం. బాలింతను, పసిగుడ్డును మంగళవారం ఇంటికి తీసుకెళ్ళకూడదు కాబట్టి సోమవారం పొద్దుగూకేలోపే చేర్చెయ్యాలని ఆవిడ పట్టు. బయట కారు కూడా సిద్ధం.

నాకేమో నెలలు నిండేసరికి కాళ్ళూ మొహమూ ఉబ్బి, బీపీ బాగా పెరిగిపోయింది. ఫిట్స్ రాకుండా మందు ఎక్కిస్తూ కాన్పు చేశారు డాక్టరమ్మగారు. అది నరంలోకి వెళ్తుంటే పొయ్యి పక్కన కూర్చోబెట్టినట్టు ఒళ్ళంతా వేడి. పైగా మందు ఎక్కువైందేమో చూడటానికి నర్సు వచ్చినప్పుడల్లా చిన్న రబ్బరు సుత్తితో నా మోకాలి మీద కొట్టేది. అది చూసి అమ్మమ్మ మండిపడింది.

"పచ్చి బాలింతని సుత్తితో కొడతారేంటండీ! గుర్రపువాతం, అదే మీరనే ఫిట్సు, నొప్పుల్లో కదండీ వచ్చేది? బిడ్డ పుట్టేసింది, గండం గడిచిపోయింది. ఇంకా ఎందుకండీ ఈ మందు, తీసెయ్యండి."

"కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు మామ్మగారూ. రేపు పాప పుట్టిన వేళ అయ్యేదాకా మందు ఆపనండి," అని చెప్పి డాక్టరమ్మగారు ఇంకో కాన్పుకి వెళ్ళిపోయారు.

ఆవిడ అటు వెళ్ళగానే అమ్మమ్మ నా చెప్పులు తెచ్చి మంచం దగ్గర పెట్టింది. అమ్మ ఎప్పటిలాగే వాళ్ళమ్మ చెప్పినట్టు పాపను పొత్తిళ్ళలో చుట్టసాగింది. నాకు భయం వేసింది. భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. మోసి కన్నది నేను, పోతే పోయేది నా ప్రాణం, మంచిరోజు మాత్రం ఈవిడ చూస్తుందా?

"నేను రాను అమ్మమ్మా. కావాలంటే నువ్వెళ్ళు. మళ్ళీ ఈ సూది తీయమన్నావంటే వార్డంతా వినపడేలా అరుస్తాను."

మందు మగతలో మాటలు ముద్దముద్దగా వచ్చాయి గానీ అందరికీ అర్థమయ్యాయి. అమ్మ లేచి, "కారు పంపించేసి వస్తానుండు," అంది. వాళ్ళమ్మ మాటకు ఆవిడ ఎదురెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆ వేళకు డాక్టరమ్మగారు బీపీ చూసి, నవ్వి, సూది తీయించారు. ఫిట్స్ రాలేదు. నేను లేచి కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి తీసుకున్నాను. రాజ్యం గెలిచినంత గర్వం నాకు.

"బతికాను," అన్నాను పైకే.

"బతక్క ఏం చేస్తావే, మొండిఘటానివి," అంటూ అమ్మమ్మ రెండు చేతులతో నా మొహం తడిమి, బావురుమంది.