చిన్నత్త సంతకం

మొన్న పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్తే, సంతకం గడి దాటిపోయిందని మళ్ళీ చేయమన్నారు. ఈ వయసులో చెయ్యి చెప్పినట్టు వింటుందా! రెండోసారి పెన్ను పట్టుకోగానే మా మేనత్తలు గుర్తొచ్చారు.

మా మేనత్తలు కవలలు. నడుము దగ్గర అతుక్కుని పుట్టారు. ముందు మాట్లాడేది కాబట్టి ఒకావిడ మాకు పెద్దత్త, రెండో ఆవిడ చిన్నత్త. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళు. పెద్దత్త సినిమాలకి డబ్బింగ్ చెప్పేది. హీరోయిన్లకి కాదు, వాళ్ళ అమ్మలకీ అత్తగార్లకీ. మైకు ముందు ఆవిడ భోరున ఏడుస్తుంటే, పక్కనే చిన్నత్త గాజులు తీసి ఒళ్ళో పెట్టుకుని, దగ్గు రాకుండా బుగ్గన లవంగం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఇంటికి ఏ కాగితం వచ్చినా పెద్దత్తే గబగబా ఇద్దరి సంతకాలూ పెట్టేసేది. అది తప్పని మాలో ఒక్కరికీ తోచలేదు.

సింగపూర్‌లోని తెలుగువాళ్ళు పెద్దత్తకి సన్మానం చేస్తామని పిలిచారు. ఇద్దరికీ కలిపి ఒక పాస్‌పోర్టు చాలని మా అన్నయ్య వారం రోజులు వాదించాడు. చివరికి నేనే ఇద్దరినీ పాస్‌పోర్టు ఆఫీసుకి కారులో తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి ఒక్క మాటలో తేల్చేసింది: "మనుషులు ఇద్దరు గదమ్మా, పాస్‌పోర్టులు గూడ రెండు." చిన్నత్త ఫొటోలో ఆవిడొక్కతే పడాలి కాబట్టి పెద్దత్తతో, "జర పక్కకు జరుగుండ్రి" అంది. ఆవిడ జరిగితే చిన్నత్తా జరిగింది. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆఖరికి పెద్దత్త మెడ బాగా వంచి, ఫొటో అయ్యేదాకా అలాగే ఉంది.

తర్వాత చిన్నత్త సంతకం. అలవాటుగా పెద్దత్త చెయ్యి చాపింది. "మీరు కాదమ్మా, ఆమెది ఆమెనే చెయ్యాలె" అంది ఆ అమ్మాయి. చిన్నత్త పెన్ను అందుకుని, కాసేపు చూసి, కింద పెట్టేసింది.

"నన్నెవరూ రమ్మనలేదు కదా" అంది.

"నువ్వు రాకుండా నేనెలా వెళ్తానే?"

"వెళ్ళలేవు. అందుకే నన్నెవరూ అడగలేదు."

పని కాకుండానే ఇంటికొచ్చేశాం. మనం అలిగితే పక్కగదిలోకి పోతాం. వాళ్ళకి ఆ వీలు లేదు. ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు చూస్తూ రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు పెద్దత్త సింగపూర్‌కి ఫోన్ చేసింది. "ఆహ్వానం కార్డు మీద మా ఇద్దరి పేర్లూ వేయండి. ఆవిడ ఇన్నేళ్ళు నా పక్కన చప్పుడు చేయకుండా కూర్చోకపోతే నా గొంతు మీదాకా వచ్చేదే కాదండీ." ఫోన్ పెట్టేసి, పక్కకి తిరిగి, "సింగపూర్ వస్తావా?" అని అడిగింది.

"ఆలోచించుకుని చెప్తాను" అంది చిన్నత్త. మర్నాడు సాయంత్రం కాఫీ అయ్యేదాకా ఏమీ చెప్పలేదు. పెద్దత్త మళ్ళీ అడగకుండా ఓపిక పట్టడం నేను చూసింది అదొక్కసారే. కాఫీ గ్లాసు కింద పెట్టి చిన్నత్త నన్నొక పాత నోటుబుక్కు అడిగింది. నాలుగు పేజీల నిండా తన పేరు రాసుకుంది. గీత వంకర పోకుండా పెద్దత్త కదలకుండా కూర్చుంది.

వెళ్ళారు, వచ్చారు. సన్మానం గురించి పెద్దత్త చెప్పేది. చిన్నత్త మాత్రం, "ఎయిర్‌పోర్టులో ముందు నా పాస్‌పోర్టు మీదే ముద్ర వేశాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. పెద్దత్త పోయిన కొన్ని గంటలకే చిన్నత్తా పోయింది. ఆ ప్రయాణానికి ముందు యాభై రెండేళ్ళు, తర్వాత ఎనిమిదేళ్ళు బతికారు. తలుచుకుంటే నాకు ఆ ఎనిమిదేళ్ళే పొడుగ్గా కనిపిస్తాయి.