దిగని దండ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాశాక కూడా నమ్మను. ఆర్మూర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. ఒంట్లో ఏం జరుగుతోందో మిషన్ చెబుతుంది, కాగితం మీద అంకె వస్తుంది. నాకు అంతకు మించి అక్కర్లేదు. తాయెత్తు కట్టుకున్నవాళ్లు వస్తే, దాన్ని కాస్త పైకి జరిపి నరం వెతుక్కునేదాన్ని.

నేను చెప్పబోయేదాంట్లో దయ్యమూ లేదు, చీకటీ లేదు. అంతా పట్టపగలు, మా ఇంట్లో, మా అమ్మ ముందు జరిగింది.

మా బాపు పేరు గంగారాం. పసుపు అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, నలభై ఏళ్లు పనిచేశాడు. కొమ్ము విరిచి లోపలి రంగు చూసి సరుకు ఎలాంటిదో చెప్పడం ఆయన పని. సీజన్ వచ్చిందంటే ఆయన గోళ్లు, మెడ మడతలు, చొక్కా కాలర్ అన్నీ పచ్చగానే ఉండేవి. అందుకే ఒళ్లు పచ్చబడిన సంగతి మాలో ఎవరమూ గమనించలేదు.

రెండేళ్ల కిందట మార్చిలో, ఒక శనివారం పొద్దున వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఎండ సూటిగా ముఖం మీద పడింది. కళ్లలో తెలుపన్నది లేదు.

అప్పటికప్పుడు రక్తం తీసుకుపోయి నేనే పరీక్ష చేశాను. బిలిరుబిన్ ఉండాల్సినదానికి పదింతలు పైగా ఉంది. అదీ, పైత్యరసం లోపల ఎక్కడో దారి మూసుకుపోయి ఆగినప్పుడు పెరిగే రకం. అది మామూలు జాండీస్ కాకపోవచ్చని నాకు అర్థమైంది.

"బాపూ, స్కానింగ్ తీయించాలె. రేపే నిజామాబాద్ పోదాం" అన్నాను.

"జాండీసే గదా. లస్మవ్వ దండ ఏస్తది. అది దిగినంక చూద్దాం తియ్."

ఆయనకు పెద్ద దవాఖాన అంటే భయం. దుకాణంలో తోటి మనిషి ఒకాయన కడుపునొప్పి అని పోయి, ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ ఇంటికి రాలేదు. "కోసిన్రు. ఆడికెల్లి మళ్ల నడిసి రాలే" అని బాపు పదేపదే తలుచుకునేవాడు.

లస్మవ్వ ధర్పల్లి దిక్కు ఒక ఊళ్లో ఉండే ముసలామె. జాండీస్‌కు గలిజేరు మొక్క కాడలతో దండ కడుతుంది. అగ్గిపుల్లలంత ముక్కలు చేసి, దారంతో ఒక్కొక్కటీ బిగించి అల్లుతుంది. కట్టినప్పుడు దండ నెత్తికి కిరీటంలా సరిపోయేంతే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అదే పెరిగి మెడలోకి, రొమ్ము మీదికి దిగుతుంది. దండ దిగుతోందంటే రోగం దిగుతోందని జనం నమ్మకం.

అందులో మహిమేమీ లేదని నాకు తెలుసు. పచ్చికాడలు ఎండి సన్నబడతాయి, ముడులు వదులవుతాయి, దారం సాగుతుంది. రోగి మెడలో ఉన్నా, గోడకు మేకుకు తగిలించినా అంతే.

బాపుతో వాదించి లాభం లేదని ఒక పందెం పెట్టాను. "నీకొక్కటే కాదు, ఇంకో రెండు దండలు కట్టిద్దాం. ఒకటి నేనేస్కుంట, ఒకటి బిందెకేద్దాం. మూడూ దిగితే ఇది ఉత్తదే అని ఒప్పుకోని నా ఎంబడి స్కానింగ్‌కు రావాలె." ఆయన నవ్వి సరేనన్నాడు.

ఆదివారం పొద్దున పోయాం. వాకిట్లో పది మంది దాకా కింద కూర్చుని ఉన్నారు, అందరి కళ్లూ పచ్చగా. ఇంట్లో ఇంకో ఇద్దరికి జాండీస్ ఉందని లస్మవ్వకు అబద్ధం చెప్పాను. ఆమె ఒకే కట్టలోంచి కాడలు తీసి, ఒకే దారపు ఉండతో, నా కళ్ల ముందే మూడు దండలూ కట్టింది. నేను ముక్కలు లెక్కపెట్టుకున్నాను కూడా. మూడింట్లోనూ సమానమే.

మేం బయల్దేరేముందు ఒక మాట చెప్పింది. "ఐదు దినాలల్ల రొమ్ము మీదికి దిగుతది. దిగకపోతే నా దగ్గరికి రాకుండ్రి. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి."

రోజూ పొద్దున బట్టలు కుట్టే టేపుతో మూడింటినీ కొలిచి క్యాలెండర్ మీద రాశాను. ల్యాబ్‌కు పోయేటప్పుడు దండ కనపడకుండా చున్నీ కప్పుకునేదాన్ని. మంగళవారం నా దండ నెత్తి మీంచి జారి మెడలో పడింది. బిందెది కూడా దాని మెడ దాటి కిందికి జారింది.

"చూడు బాపూ, బిందెకు జాండీస్ అయింది. మంచిగైతుంది" అన్నాను. అమ్మ పకపకా నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆయన దండ మాత్రం నెత్తి మీద కట్టినట్టే ఉంది. ఇంకా పచ్చి ఆరలేదేమో అనుకున్నాను.

బుధవారం నుంచి ఎవరమూ నవ్వలేదు.

శుక్రవారానికి నా దండ రొమ్ము మీదికి వచ్చింది. బిందెది ఇంకో రెండంగుళాలు ఎక్కువే సాగింది. బాపుది ఆదివారం ఎంతుందో అంతే. టేపు మూడుసార్లు పెట్టి చూశాను. ఒక్క గీత తేడా లేదు.

చెమటకు తడిసి ఎండలేదేమో అనుకుందామంటే, నాకూ చెమట పట్టింది. ఎవరైనా ముడులు బిగించారా అంటే, దారం మొదలు ముడి నేను చూసినట్టే ఉంది, తెంపి కట్టిన జాడ లేదు. కాడను గోటితో నొక్కితే పటుక్కున విరిగింది. ఎండి పుల్లయింది. కాడ ఎండిపోయాక దాని చుట్టూ ఉన్న ముడి వదులు కావాలి. కాలేదు.

బాపు అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకున్నాడు. నేను టేపు చుట్టుకుంటూ ఉన్నాను.

"నాది దిగలే బిడ్డా" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం లేదు. "లస్మవ్వ చెప్పింది గదా. పోదాం పా."

వారం రోజులుగా నేను బతిమాలినా కదలని మనిషి, దండ చెబితే చెప్పులేసుకున్నాడు.

స్కానింగ్‌లో పైత్యరసం వచ్చే గొట్టం దగ్గర గడ్డ కనబడింది. హైదరాబాద్‌లో చూపించాం. అప్పటికే పక్కలకు పాకిందన్నారు. గొట్టంలో దారి చేసి కళ్ల పచ్చదనం తగ్గించారు కానీ, మనిషిని నిలపలేకపోయారు. ఆ ఐదు రోజుల ఆలస్యం వల్ల ఏమైనా నష్టమైందా అని డాక్టర్‌ను అడిగాను. ఏమీ తేడా ఉండేది కాదని చెప్పారు. నాలుగు నెలలకు బాపు పోయాడు. ఆ దండను అమ్మ ఆయనతోనే పంపేసింది. నా ఫోన్లో ఫోటోలున్నాయి గానీ, ఫోటోలో ముడి బిగువు తెలియదు.

ఆ తర్వాత నేనే గలిజేరు కాడలు తెచ్చి చాలా దండలు కట్టి చూశాను. ఎండలో పెట్టాను, నీడలో పెట్టాను, తడిబట్ట చుట్టి పెట్టాను. కొన్ని తొందరగా, కొన్ని మెల్లగా, అన్నీ దిగాయి.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. బాపు కర్మకాండ రోజున చెప్పాను, ల్యాబ్‌లో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను. నాకు అర్థం కాలేదు కాబట్టి, ఎవరైనా అర్థమయ్యేలా చెబుతారేమోనని చెప్పాను. ల్యాబ్‌లో పనిచేసే ఆమే చెబుతోందంటే నిజమే అయి ఉంటుందని జనం నమ్మారు.

మా వీధిలో సుగుణ అని ఒకామె ఉండేది. బీడీలు చేసేది. ఇద్దరు పిల్లలు, భర్త దుబాయ్‌లో. పోయిన ఏడాది వానాకాలంలో, ఒక సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వస్తుంటే అరుగు మీంచి పిలిచింది.

"సుజాతక్కా, జర ఇటు చూడు. నాకు జాండీస్ అయింది. నువ్వు చెప్పినవ్ గదా, లస్మవ్వ దగ్గరికి పోయొచ్చిన. నాలుగు దినాలకే గింత దిగింది. ఇగ ఫికర్ లేదు."

దండ ఆమె కడుపు దాకా వేలాడుతోంది.

ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను ముందు చూసింది దండను. ఆమె కళ్లను కాదు. దండ అంత కిందికి దిగడం చూసి నా మనసు తేలికపడింది. బాపుది దిగలేదు, ఈమెది దిగింది, ఈమెకేం కాదు అనుకున్నాను. పద్నాలుగేళ్లు సూది పట్టిన నేను అలా అనుకున్నాను.

"అయినా ఒకపారి రక్తం ఇయ్యి. పొద్దున ల్యాబ్‌కు రా" అని మాత్రం అన్నాను.

"వస్త తియ్యక్కా, గీ బీడీలు అప్పజెప్పినంక."

మర్నాడు రాలేదు. నేనూ పోయి అడగలేదు. మూడో రోజు పొద్దున వాళ్ల అత్త పరుగెత్తుకొచ్చింది. పోయి చూస్తే సుగుణ గోడకానుకుని కూర్చుని ఉంది. చేతుల్లో ఆకు లేదు, తంబాకు లేదు. ఉత్త వేళ్లతో బీడీలు చుడుతోంది. పిలిస్తే నన్ను వేరే ఎవరి పేరుతోనో పలకరించింది. దండ ఒళ్లోకి జారి ఉంది.

నిజామాబాద్ తీసుకుపోయాం, అక్కడి నుంచి హైదరాబాద్. లివర్ పూర్తిగా పాడైందన్నారు. రెండు మూడు రోజులు ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేయడానికైనా వీలుండేదన్నారు. వారం తిరగకుండా పోయింది. దుబాయ్ నుంచి వచ్చిన భర్త నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అతనికి నేను చెప్పిన కథ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు.

దినాలైపోయాక లస్మవ్వ ఊరికి పోయాను. పోట్లాడాలనే పోయాను. మందిచ్చే రోజు కాదు, ఒక్కతే కూర్చుని ఉంది. సుగుణ సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"అవ్వా, దిగకపోతే దవాఖానకు పొమ్మన్నవ్. అంటే దిగితే మంచిగైనట్టే గదా? మరి గా పిల్ల ఎట్ల సచ్చిపోయింది?" అని అడిగాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గది మా అత్త చెప్పేటి మాట బిడ్డా. ఆమె చెప్పేది, నేను గూడ చెప్పిన. గంతే. దిగకపోవుడు నేనెన్నడు సూడలే. మా అత్త గూడ సూడలే. అందరికి దిగుతది. బతికినోళ్లకు దిగింది, సచ్చినోళ్లకు దిగింది."

అందరికీ దిగుతుందన్న సంగతి ఆమెకూ తెలుసు. నేను బిందె పెట్టి నిరూపించాలనుకున్నది కూడా అదే.

"ఇగ దండలు కట్టుడు బంద్ చేసిన" అంది. "నీ బాపుది దిగలే అని నువ్వే మందికి చెప్పినవట. గది ఇన్నకాడికెల్లి నాకు బుక్క మింగవడ్తలే. నువ్వు సదువుకున్నదానివి. రకతం చూసి చెప్తవ్. గాయన దండ ఎందుకు దిగలే బిడ్డా?"

ఆమె నిజంగానే జవాబు కోసం నా ముఖంలోకి చూసింది.

నేను చెప్పలేకపోయాను. ఇవాళ అడిగినా చెప్పలేను.