ఇప్పుడెవ్వరికీ లేదన్నాను

మా మరమగ్గాల వాడకు నెలకోసారి మందుల బండి వస్తుంది. నూలు దుమ్ముకు దమ్ము, అంటే ఆయాసం, పట్టినవాళ్లను డాక్టరు అందులోనే చూస్తాడు. పక్కింట్లో వేరుగా ఉండే మా తమ్ముడు పీల్చే మందు అక్కడే ఇస్తారు. కరీంనగర్ పోయి కొనుక్కునే స్తోమత వాడికి లేదు. పోయిన చలికాలంలో ఆ బండి ఇక రాదన్నారు.

ఆ మాట తెచ్చింది ఇంటింటికీ తిరిగి రోగుల పేర్లు రాసుకునే నర్సు. మా గడపలో కూర్చుని నీళ్లు తాగుతూ చెప్పింది.

"మీ వాడల రోగం తగ్గింది తాతా. పోయినేడు ఎనిమిది మంది, ఇప్పుడు ఆరుగురే. బండి వేరే వాడకు పోతది. సంబురపడక గట్ల మొకం పెడ్తవేంది?"

"తగ్గితే మా తమ్మునికెందుకు తగ్గలే? గా పుస్తకం ఇటియ్యి."

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా గ్రంథాలయంలో, పాత పుస్తకాల దుకాణంలో నాకు నేను నేర్చుకున్నది. అద్దాలు పెట్టుకుని మా ఇంటి వరుస చూశాను. పోయినేడు ఒకరు. ఈ ఏడు సున్నా. పక్కన గుండ్రటి అక్షరాలతో 'తగ్గింది' అని.

ఆ ఒకరు నా భార్య. వినాయక చవితి వెళ్లిన వారానికి చనిపోయింది.

"తగ్గిందని ఎవరు చెప్పిండ్రు?" అని అరిచాను.

"నువ్వే గద తాతా! ఇంట్ల ఎవరికన్న దమ్మున్నదా అంటే, ఇప్పుడెవ్వరికి లేదన్నవు. ఈ వాడకు నేను కొత్త. నాకేమెరుక?"

నిజమే. నేనే అన్నాను. మనుషులు పోయిన ఇంకో మూడిళ్లలోనూ అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పారు. ఎనిమిదిలో నలుగురు పోయారు, నలుగురు మిగిలారు, కొత్తగా ఇద్దరికి పట్టుకుంది. అదీ ఆ ఆరు. నయమైనవాడు ఒక్కడూ లేడు.

ఆ వారం బండి రాగానే మెట్టు మీదే నిలబడి డాక్టరును అడిగాను. "సార్, మనిషి సచ్చిపోతే రోగం తగ్గినట్టేనా?"

"మేం వచ్చిననాడు ఉన్నోళ్లనే రాస్తం పెద్దాయనా."

"గట్లయితే ఏడాదిల కొత్తగ ఎందరికొచ్చిందో అది గూడ రాయుండ్రి. దాన్ని ఊరందరితోని భాగించకుండ్రి. బంగారం దుకాణపాయన నూలు దుమ్ము తింటుండా? మగ్గాల కాడ పనిచేసెటోళ్లల్ల, నిరుడు దమ్ము లేనోళ్లు ఎందరు, వాళ్లల్ల ఎందరికొచ్చింది? గదీ లెక్క!"

డాక్టరు సూది పక్కన పెట్టాడు. "ఏం చదివినవ్ పెద్దాయనా?"

"ఐదు."

"సరే, పోయినోళ్లకు ఎప్పుడు మొదలైందో, ఎన్ని నెలలు బతికిండ్రో రాసుకరా. తొందర తొందరగ పోతుంటే ఏనాడు లెక్కవెట్టినా తక్కువ మందే దొరుకుతరు. అది చూపిస్తేనే బండి నిలుస్తది."

మూడిళ్లు తిరిగాను. ఒకామె నా మొహం మీదే తలుపేసింది. "ఆయన పేరు రాస్తే లేసొస్తడా?" అని లోపలి నుంచి అడిగింది. కాసేపటికి తలుపు సందులోంచే నెల చెప్పింది.

నాలుగో ఇల్లు మాది. కలం ఆగిపోయింది. పాత నర్సు వచ్చి పేరు రాసుకునేదాకా నా భార్యకు దమ్మున్నదని నాకు తెలియదు. అంతకు ముందు ఎప్పుడు మొదలైందో ఎవరిని అడగాలి? మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. లోపలి గదిలో ఎవరో దగ్గారు. నేను లేచి చూడలేదు. ఆ గదిలో ఎవరూ లేరని నాకు తెలుసు.

తమ్ముణ్ని అడిగితే ఆయాసపడుతూ చెప్పాడు. "పేరు రాసుకున్నరు సూడు, దానికి ముందటేడు బతుకమ్మకే ఉండె అన్నా. పాట ఎత్తుకునేదే వదిన. గా ఏడు ఒట్టి చప్పట్లే కొట్టింది. వాడంత సూసింది. నీకు తెల్వదా?"

తెలియదు. వాడు చెప్పిందే రాసి, కాగితం డాక్టరుకిచ్చాను. బండి నిలిచింది. తమ్ముడికి మందు అందుతున్నది.

కానీ ఆ కాగితం కోసం నెలలు కూడింది నేనే. ఆ బతుకమ్మ నుంచి నర్సు పేరు రాసుకున్న రోజు దాకా పద్నాలుగు నెలలు. అన్ని నెలలూ ఆమె నా మగ్గానికి రెండు చేతుల దూరంలో కూర్చుని నూలు కండెలు చుట్టింది.